గుండు, బద్ద, ముక్క

వృత్తి అనుభవాలు రాసేవాళ్ళకు సాధారణంగా జుట్టు నెరిసి ఉంటుంది. సన్మానంలో కప్పిన శాలువా బీరువాలో ఉంటుంది. నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. జుట్టు నల్లగానే ఉంది, శాలువా ఎవరూ కప్పలేదు. అయినా నన్ను నేను రిటైరైనవాడిగానే జమకట్టుకున్నాను. రాజీనామా ఇచ్చానంటే ఎందుకిచ్చావని అడుగుతారు. తీసేశారంటే ఏం చేశావని అడుగుతారు. రిటైరయ్యానంటే ఎవరూ ఏమీ అడగరు, మంచినీళ్ళిచ్చి కూర్చోబెడతారు.

తొంభైల చివర్లో చేరి, పదేళ్ళకు కాస్త తక్కువగా, పలాసలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పాను. ఇప్పుడు ఎమ్మెస్సీ చేసి అదే పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరకు వచ్చి, "సార్, ఈ లైనెలాగుంటాది?" అని అడుగుతున్నారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఇందులో ర్యాంకుల ఫొటోలు ఉండవు. ఒక కరస్పాండెంటు, చెదపట్టిన ఒక దూలం, ఇద్దరమ్మాయిలు ఉంటారు. ఆ ఇద్దరమ్మాయిలనూ ఎంసెట్ రాసేదాకా ఒకే బెంచీ మీద ఉంచాలని నేను పడిన పాటే నా సర్వీసు మొత్తంలో చెప్పుకోదగ్గ పని. అది ఫలించలేదు. ముందే చెప్పేస్తున్నాను, చివర్లో ఏదో జరుగుతుందని ఆశపెట్టుకుని చదవొద్దు.

మేడ మీద చదువు

మా కాలేజీ కాశీబుగ్గలో జీడిపప్పు గోడౌను మీద ఉండేది. కరస్పాండెంటు గారికి మొదటి వ్యాపారం జీడిపప్పు, రెండోది చదువు. రెంటికీ మధ్య ఒక మెట్లదారే తేడా. కింద బాయిలర్ మొదలైతే పైన బ్లాక్‌బోర్డు వణికేది. వేపిన జీడిగింజల వాసన పరీక్ష పేపర్లకు కూడా పట్టేది. ఇంటర్వ్యూలో ఆయన నన్ను అడిగిన ప్రశ్న ఒకటే.

"నీకు గొంతెలాగుంటాది?"

"బాగానే ఉంటుందండి."

"బాగా అంటే, పాటలకా? కింద బాయిలర్ మోగుతుంటే ఆఖరి బెంచీకి ఇనపడాల. ఏదీ, ఓ పాఠం సెప్పు."

నేను కప్ప జీర్ణవ్యవస్థ గురించి అరిచాను. కింద గింజలు కొడుతున్న ఆడవాళ్ళలో ఒకావిడ, "ఎవుడే ఆ అరుపు?" అని పక్కావిడను అడగడం స్పష్టంగా వినిపించింది. కరస్పాండెంటు గారు సంతోషించి, సోమవారం రమ్మన్నారు.

కొత్తగా చేరేవాళ్ళకు నా మొదటి మాట ఇదే. మీ మార్కుల జాబితాను ఎవరూ చూడరు. మీ గొంతును చూస్తారు, సెలవు అడగని మీ మొహమాటాన్ని చూస్తారు. రెండో మాట, యజమాని దుర్మార్గుడై ఉంటాడని ఊహించుకుని చేరకండి, నిరాశపడతారు. మా కరస్పాండెంటు గారు పెళ్ళికి పిలిస్తే వచ్చేవారు. జ్వరమొస్తే ఆటో పంపేవారు. లోకంలో ఏ సరుకైనా మూడు రకాలుగా విడిపోతుందని మాత్రం ఆయనకు గట్టి నమ్మకం.

జీడిపప్పు వ్యాపారంలో విరగకుండా వచ్చినది గుండు. నిలువుగా రెండుగా చీలితే బద్ద. అంతకంటే చిన్నదైతే ముక్క. క్వార్టర్లీ పరీక్షలు కాగానే ఆయన బైపీసీ పిల్లలను కూడా అలాగే జల్లించేవారు. తలుపుల మీద ఏ, బీ, సీ అని రంగుతో రాసి ఉన్నా, ఆయనా మేమూ పిల్లలూ అందరం గుండు, బద్ద, ముక్క అనే పిలిచేవాళ్ళం. గుండు సెక్షన్‌కు ఫ్యాన్లుండేవి. ముక్కల సెక్షన్ డాబా మీద రేకుల షెడ్డులో నడిచేది. వేసవిలో అక్కడ వేరే బాయిలర్ అక్కర్లేదు.

లెక్చరర్లకూ గ్రేడింగ్ ఉండేది. టెక్కలి నుంచి పాసింజర్‌లో వచ్చే ఫిజిక్స్ లెక్చరర్ ఒకాయన నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. నన్ను 'బావా' అనేవాడు, నేనూ ఆయన్ని అలాగే పిలిచేవాణ్ణి. బంధుత్వం ఏమీ లేదు. జీతాలు పడని నెలల్లో ఒకరినొకరు ఏదో ఒకటి అనుకోవాలి కదా.

"బావా, మనం ఏ రకంలోకి వస్తాం?" అని ఒకసారి అడిగాను.

"నువ్వు బద్దవే. మరో రెండేళ్ళు అరిస్తే ముక్కవైపోతావు," అన్నాడు.

"మరి నువ్వు?"

"నేను పొట్టునురా. బాయిలర్ కొలిమిలోకే."

అరగనివాడి కథ

ఇంటర్ పుస్తకంలో పరిణామం అనే పాఠం పోరాటంతో మొదలై పోరాటంతో ముగిసేది. బలమున్నది బతుకుతుంది, లేనిది పోతుంది. ఆ వాక్యం పిల్లలకు తేలిగ్గా నోటికొచ్చేది. కరస్పాండెంటు గారికి కూడా నచ్చేది.

వాల్తేరులో ఎమ్మెస్సీ చేస్తున్నప్పుడు నేను ఒక అమెరికా జీవశాస్త్రవేత్త గురించి చదివాను. పేరు చెబితే పిల్లలు "పరీక్షలో వత్తాదా సార్?" అనేవారు, రాదు కాబట్టి చెప్పడం మానేశాను. ఆవిడ చెప్పింది ఇది. కోట్ల ఏళ్ళ కిందట, కంటికి కనపడని ఒక జీవి ఇంకో జీవిని మింగింది. మింగింది గానీ అరిగించుకోలేకపోయింది. లోపలికి వెళ్ళినది చావలేదు, అక్కడే పిల్లాపాపలతో కాపురం పెట్టింది. బయటిది తిండి ఇచ్చింది, లోపలిది ఆ తిండిని శక్తిగా మార్చి ఇచ్చింది. తరాలు గడిచేసరికి ఒకటి లేకుండా ఇంకోటి బతకలేని స్థితి వచ్చింది. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉన్న మైటోకాండ్రియా అలా చేరిన కాపురమే. దాని జన్యుపదార్థం దానిదే, దాని విభజన దానిదే. ఆకులో పచ్చదనం కథ కూడా అంతే.

ఆవిడ వయసులో ఉన్నప్పుడు ఈ మాట రాసి పంపితే పత్రికలు ఒకదాని తర్వాత ఒకటి తిప్పి పంపాయట. తర్వాత సాక్ష్యాలు వచ్చాయి, పాఠ్యపుస్తకాలు ఒప్పుకున్నాయి. అక్కడితో ఆగకుండా, కొత్త జాతులు పుట్టడంలో అసలు పాత్ర ఇలాంటి కలయికలదే అని కూడా ఆవిడ వాదించింది. దాన్ని ఎక్కువమంది ఒప్పుకోలేదు. అదీ పిల్లలకు చెప్పాను. ఒక మనిషి చెప్పినదాంట్లో సగం నిజమైనా నా దృష్టిలో అది గొప్ప సర్వీసే. మా కాలేజీ బ్రోచర్‌లో సగం కూడా ఉండేది కాదు.

ఆ పాఠం చెప్పిన రోజు నూకరత్నం లేచి నిలబడింది. వజ్రపుకొత్తూరు వైపు ఒక తీరగ్రామం నుంచి వచ్చే అమ్మాయి. తండ్రి వేటకు వెళ్తాడు, తల్లి తట్టలో చేపలు పెట్టుకుని ఊళ్ళు తిరుగుతుంది.

"సార్, మింగినోడు మంచోడై వదిలీసాడా, అరక్క వదిలీసాడా?"

"అరక్క."

"అయితే అందులో గొప్పేటుంది సార్?"

"గొప్పేమీ లేదు. అరక్కపోవడం వల్లే నువ్వు లేచి ప్రశ్న అడగగలుగుతున్నావు."

ఆమె పక్కనున్న సావిత్రి నవ్వలేదు. తలవంచుకుని ఈ మొత్తం రాసుకుంటోంది, నూకరత్నం ప్రశ్నతో సహా.

దూలం

బోర్డు మీద చెప్పింది పిల్లలు నమ్మరు, చూపించాలి. చెదపురుగు కర్ర తింటుంది గానీ చాలా రకాల చెదలు దాన్ని సొంతంగా అరిగించుకోలేవు. వాటి పేగులో ఉండే సూక్ష్మజీవులు ఆ పని చేసిపెడతాయి. మైక్రోస్కోపులో చూస్తే సంతలో జనంలా కదులుతుంటాయి. ఇది చూపిద్దామని ఆదివారం మందస దారిలో ఒక పుట్ట తవ్వి, సీసా నిండా చెదలు పట్టుకొచ్చాను. గుండునీ ముక్కనీ కలిపి ల్యాబులో కూర్చోబెట్టాను. ఎందుకు కలిపానో తర్వాత చెబుతాను. పేగు తీసి, ఉప్పునీటి చుక్కలో పెట్టి చూస్తే సంత లేదు. ఖాళీ. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఖాళీని శ్రద్ధగా చూసి వెళ్ళారు. ఒకమ్మాయి ఆ ఖాళీకి బొమ్మ కూడా గీసింది.

తర్వాత పుస్తకాలు తిరగేస్తే తెలిసింది. పుట్ట కట్టే చెదలది వేరే పద్ధతి. అవి పుట్టలోనే బూజును తోటలా పెంచుకుని దానితో అరిగించుకుంటాయి. మర్నాడు మళ్ళీ ల్యాబులోనే తప్పు ఒప్పుకుని ఇది చెబితే సావిత్రి, "వానలకి పుట్టకొక్కులు అందుకే వస్తాయా సార్?" అంది. అందుకే. చిన్నప్పటి నుంచి కూర వండుకు తిన్నాను గానీ నాకు తట్టలేదు.

"అయితే కర్రలో ఉండే సెదలు తెండి సార్," అంది నూకరత్నం. "అల్లదిగో, మీ నెత్తి మీదే ఉన్నాయి."

అందరం తలెత్తాం. ల్యాబు మధ్య దూలానికి మట్టి గీతలు పాకి ఉన్నాయి. బల్ల మీద కుర్చీ వేసుకుని, స్క్రూడ్రైవరుతో ఆ చెమ్మ కర్రను పొడిచి నాలుగు చెదలు దించాను. ఈసారి మైక్రోస్కోపు కింద ఉడుకుతున్న అన్నంలా కదలిక. ముక్కల సెక్షన్ పిల్లలు రెండోసారి వరసలోకి వచ్చి చూశారు. అప్పుడే మెట్లమీద కరస్పాండెంటు గారు.

"ఏటి సేత్తన్నావు మాస్టారూ?"

"సహజీవనం చూపిస్తున్నానండి."

"పాఠం సెప్పమని జీతమిత్తే నా దూలం తవ్వుతావేటయ్యా?"

"దూలాన్ని నేను తవ్వలేదండి. వీళ్ళు తవ్వారు," అని మైక్రోస్కోపు ఆయన వైపు తిప్పాను.

ఆయన ఒక కన్ను మూసి చాలాసేపు చూశారు. "ఇన్ని ఉన్నాయేటి," అన్నారు. "మరి వీటిని తీసీసేమనుకో, సెద సత్తాదా?"

మంచి ప్రశ్న. ఆయన వ్యాపారం మారిస్తే మంచి విద్యార్థి అయ్యేవారు. "వెంటనే చావదండి. ఎప్పటిలాగే కర్ర తింటూనే ఉంటుంది. అరగదు. కడుపు నిండా తిండి పెట్టుకుని ఆకలితో చస్తుంది."

"లోపలున్నవో?"

"అవి బయట గాలి తగిలితే ముందే పోతాయి."

ఆయన నిట్టూర్చి, "దూలానికి మందు కొట్టించాల," అని దిగిపోయారు.

ఒకే బెంచీ

ఇప్పుడు ఆ రెండు సెక్షన్లనూ ఎందుకు కలిపానో చెబుతాను.

నూకరత్నం తీరం నుంచి మొదటి బస్సులో బయల్దేరేది. సావిత్రిది దారిలో కొబ్బరి, జీడి తోటలున్న ఊరు. నూకరత్నం సంచి పెట్టి సీటు ఆపేది, సావిత్రి ఎక్కి పుస్తకం తెరిచేది. అక్కణ్ణుంచి పలాస వచ్చేదాకా పోట్లాట. సావిత్రి ఒక వాక్యం చదివితే నూకరత్నం "అదెలాగవుద్దే?" అనేది. సావిత్రికి కోపం వచ్చేది. పుస్తకాన్ని సొంత అక్కను వెనకేసుకొచ్చినట్టు వెనకేసుకొచ్చేది. అలా వెనకేసుకొచ్చేటప్పుడే ఆమెకు అది అర్థమయ్యేది. కాదనే తాపత్రయంలో నూకరత్నానికి అది మనసులో నిలిచిపోయేది. ఒకరోజు ఏదో పనిమీద అటు వెళ్ళి అదే బస్సులో వచ్చిన ఫిజిక్స్ బావ దిగగానే నాతో, "బావా, మనం రోజంతా సెప్పేది ఆ ఇద్దరూ పూండి దాటేసరికి తేల్చీసేరు," అన్నాడు.

విడివిడిగా చూస్తే ఇద్దరూ సగాలే. సావిత్రి పుస్తకం మూసేది కాదు, కానీ ఎవరూ కాదనకపోతే అందులో ఏముందో ఆమెకు తెలిసేది కాదు. నూకరత్నం పుస్తకం తెరిచేది కాదు. పరీక్షలో సగం జవాబు రాసి ఆపేసేది. ఎందుకాపావంటే, "తెలిసిపోయింది కద సార్, ఇంక రాయడం దేనికి?" అనేది. దాంతో సావిత్రి గుండులోకి, నూకరత్నం రేకుల షెడ్డులోకి వెళ్ళారు.

తర్వాతి పరీక్షలో సావిత్రి మార్కులు జారాయి. ఇల్లు మారిందా, జ్వరమా అని అందరం ఆరా తీశాం. ఏమీ లేదు, బెంచీ మారింది. అప్పుడు నేనూ బావా కలిసి ఒక ఎత్తు వేశాం. ల్యాబు ఒక్కటే కాబట్టి ప్రాక్టికల్స్ అందరికీ కలిపే పెట్టాలని చెప్పి, ఫిజిక్సూ జువాలజీ సగం క్లాసులు ల్యాబులోకి మార్చేశాం. ఇద్దరూ మళ్ళీ ఒక బెంచీకి వచ్చారు. ఏడాది తిరిగేసరికి సావిత్రి కాలేజీలో మొదటి వరసకు ఎక్కింది, నూకరత్నం ముక్క నుంచి బద్దకు వచ్చింది. కరస్పాండెంటు గారికి సంగతి తెలుసు. మార్కులు పెరుగుతుంటే ఆయన దూలాల జోలికి రారు.

ఇద్దరికీ ఒకే కోరిక ఉండేది. మెడిసిన్ అని నోరు తెరిచి అనేవారు కాదు. వ్యవసాయమో, పశువైద్యమో, ఏదో ఒక సీటు కొట్టి ఒకే హాస్టల్లో ఉండాలని. బావ అంచనా వేసి, ఇలాగే సాగితే ఆ కోరిక నిజంగానే తీరుతుందన్నాడు. బావ ఊరికే ఎవరికీ ఆశ చెప్పే మనిషి కాదు, అందుకని నేను నమ్మాను.

మింగడం

వాళ్ళు సెకండియర్‌కు వచ్చిన ఏడాదే మా కాలేజీని విశాఖపట్నంలో ఒక పెద్ద కాలేజీల సంస్థ కొనేసింది. ఇది సహజీవనం అనుకునేరు, కాదు. ఇది మామూలు జీర్ణక్రియ. ముందు బోర్డు అరిగింది, తర్వాత యూనిఫాం, తర్వాత ల్యాబు. ల్యాబును కౌన్సెలింగ్ హాలు చేశారు. అక్కడ సోఫా వేసి, దూలానికి తెల్ల రంగు కొట్టారు. మాకు అచ్చయిన మెటీరియల్ వచ్చింది. అందులో మైటోకాండ్రియా పుట్టుక గురించి ఒక రెండు మార్కుల ప్రశ్న ఉంది, రెండు వాక్యాల జవాబుంది. మూడో వాక్యం చెప్పొద్దన్నారు. కరస్పాండెంటు గారికి డైరెక్టర్ అని పేరూ, ఒక తిరిగే కుర్చీ ఇచ్చారు. ఆయన అందులో కూర్చుని కిందికి చూసి బాయిలర్ శబ్దం వినేవారు.

పైనుంచి టై కట్టుకున్న ఒక ఏజీఎం, అంటే అసిస్టెంట్ జనరల్ మేనేజర్, వచ్చాడు. నాకంటే చిన్నవాడు, నాకంటే మర్యాదస్తుడు. మంచి మార్కులున్న పిల్లలను ఫీజూ హాస్టల్ ఖర్చూ లేకుండా విశాఖకు తీసుకెళ్తామని చెప్పాడు. ర్యాంకులు అక్కడ రావాలి, ఫొటోలు ఇక్కడ అంటించాలి. గుండు సెక్షన్ నుంచి పేర్లు చదివితే సావిత్రి పేరు మొదట్లోనే ఉంది.

నేను కరస్పాండెంటు గారి దగ్గరకు వెళ్ళాను. "సావిత్రినొక్కదాన్నే పంపితే అక్కడ నిలబడదండి. ఇద్దర్నీ తీసుకోమనండి."

"ఆ రెండోది బద్ద కదా?"

"బద్దేనండి. కానీ మొదటిది గుండవడానికి కారణం ఆ అమ్మాయే. దూలంలో చెదలు మీరే చూశారు కదండి."

ఆయన నా మొహం చూసి, కుర్చీ ఒకసారి తిప్పి, ఏజీఎం వైపు తిరిగారు. "బాబూ, ఇన్ని గుండ్లు పట్టుకెల్తన్నారు. కొసరుగా ఓ పిల్లనేసుకోండి."

ఏజీఎం మర్యాదగా నవ్వాడు. "కటాఫ్ ఉంది సార్. సిస్టమ్ తీసుకోదు."

"సిస్టమంటే ఎవరు? ఆరితో నేను మాటాడతాను."

"కంప్యూటర్ సార్."

ఆయనకు జీవితంలో మొదటిసారి బేరం ఆడటానికి ఎదుటి మనిషి దొరకలేదు. నాకు ఆయన మీద అంతవరకూ ఉన్న కోపం ఆ నిమిషంలో కొంత తగ్గింది. దానివల్ల ఎవరికీ ఉపయోగం లేకపోయింది.

సంగతి మెట్లు దిగేలోగా నూకరత్నానికి తెలిసిపోయింది.

"కొసరు కూడా పుచ్చుకోనేదా సార్?" అంది. "మా అమ్మ ఇన్నేళ్ళుగా సేపలమ్ముతంది, కొసరడగని మనిషిని సూడనేదంట."

కొబ్బరితోటలో

ఆ ఆదివారం నేనూ బావా సావిత్రి వాళ్ళింటికి వెళ్ళాం. వాళ్ళ నాన్న కొబ్బరిబొండాలు కొట్టి ఇచ్చి, ఎదురుగా పీట వేసుకు కూర్చున్నాడు. ఇద్దరూ కలిసి చదివితేనే చదువు సాగుతుందని, ఈ ఏడాది పలాసలోనే ఉంచమని, బాధ్యత మాదని చెప్పాం. ఆయన అడ్డు రాకుండా విన్నాడు.

"మాస్టారూ, మీరు మా పిల్ల మంచికే సెప్తన్నారు, నాకు తెల్సు. ఇంత సదువు ఊరికే సెప్తామని ఒకడొచ్చి ఇంటిముందు నిలబడితే, పక్కూరి పిల్ల కోసం ఒద్దనమంటారా?"

"రత్నం లేకపోతే నాకు రాదు నానా," అంది సావిత్రి గుమ్మంలోంచి.

"మరి పరీచ్చలో నీ పక్కన కూకుంటాదేటమ్మా?"

బావ నా వైపు చూశాడు. నేను కొబ్బరిబొండంలోకి చూశాను. పరీక్ష ఒక్కరే రాయాలి. కలిసి పెరిగినదాన్ని విడివిడిగా కొలిచే ఆ పద్ధతి మా కరస్పాండెంటు గారు పెట్టింది కాదు, ఏజీఎం పెట్టింది కాదు, ఆ తండ్రి పెట్టింది అసలే కాదు.  

తిరిగొచ్చేటప్పుడు బావ, "ఆయన్ని తప్పు పట్టలేం," అన్నాడు.

"అదే బాధ," అన్నాను.

సావిత్రి వెళ్ళే రోజు పలాస స్టేషన్‌కు నూకరత్నం వచ్చింది. ఏడుపు సీను ఉంటుందేమోనని నేను రుమాలు చేతిలో పట్టుకున్నాను. రైలు వచ్చేదాకా ఇద్దరూ వైరస్‌కు ప్రాణం ఉన్నట్టా లేనట్టా అని పోట్లాడుకున్నారు. రైలు కదిలాక కూడా సావిత్రి కిటికీలోంచి ఏదో పాయింటు చెబుతోంది, ఇంజను కూతలో వినపడలేదు. రుమాలుతో చెమట తుడుచుకున్నాను.

అరగట్లేదు

దసరా సెలవులకు సావిత్రి వచ్చి కాలేజీలో కనపడింది. కళ్ళకింద నల్లచారలు. తెల్లారకముందు లేపుతారట, రాత్రి దాకా చదివిస్తారట, పక్కవాళ్ళతో మాట్లాడితే పేరు రాసుకుంటారట.

"బాగా చదువుతున్నావా?"

"రోజంతా చదువుతున్నాను సార్. అరగట్లేదు."

నేను పాత ల్యాబులో మైక్రోస్కోపు బల్ల ఉండే చోటు వైపు చూశాను. అక్కడ సోఫా ఉంది.

నూకరత్నాన్ని నేను వేరే అమ్మాయి పక్కన కూర్చోబెట్టాను. నెమ్మదస్తురాలు, దస్తూరీ బాగుంటుంది, మెటీరియల్ మొత్తం కంఠతా వచ్చు. వారం కాకుండానే నూకరత్నం వచ్చి, "ఈ పిల్లతో కాదు సార్," అంది.

"ఏం, గొడవ పడ్డారా?"

"గొడవ పడదు సార్, అదే గొడవ. నేనేటన్నా అవునంటాది. తప్పు సెప్పినా అవునంటాది."

ఎంసెట్ ఇద్దరూ రాశారు. సావిత్రికి ర్యాంకు వచ్చింది, సీటు రానంత దూరంలో. నూకరత్నానికి వచ్చిన ర్యాంకు చూసి ఆమె తండ్రి, "ఇది ఫోన్ నంబరా అమ్మా?" అని అడిగాడట. ఆమే నవ్వుతూ చెప్పింది. ఆ ఏడాది మా కాలేజీ గోడ మీద ఇంకెవరివో ఫొటోలు వచ్చాయి. వాళ్ళు పలాస మొహం ఎప్పుడూ చూసినవాళ్ళు కారు.

ఆ తర్వాతి ఏడాది నేను క్లాసులో మూడో వాక్యం చెప్పాను, నాలుగోదీ చెప్పాను. సిలబస్ వెనకబడిందని ఏజీఎం మర్యాదగా పిలిచి, మర్యాదగా మాట్లాడాడు. నేనూ మర్యాదగానే రిటైరయ్యాను. ఇప్పుడు స్టేషన్ రోడ్డులో నాకో జిరాక్స్ షాపుంది. ఆ కాలేజీ పిల్లలు అదే మెటీరియల్ తెచ్చి కాపీలు తీయించుకుంటారు. మైటోకాండ్రియా పేజీ వచ్చినప్పుడు మెషిన్ ఆగదు, నేనూ ఆగను. పరాన్నజీవి అంటే ఏమిటని పిల్లలెవరైనా అడిగితే చూపించడానికి ఇక మైక్రోస్కోపు అక్కర్లేదు, నా షాపు చాలు.

లైనెలా ఉంటుందని అడిగినవాళ్ళకు ఒక మాట. క్లాసులో తెలివైనవాడు ఎవడని వెతకకండి. వాడు ఎవరితో పోట్లాడుతున్నాడో చూడండి. ఆ ఇద్దర్నీ కదపకండి. కదపమని పైనుంచి చెప్తారు. అప్పుడేం చేయాలో నాకు తెలియదు, నేను చేసినవేవీ పని చేయలేదు.

పొట్లం

మొన్న విశాఖ చుట్టాలు పలాస పప్పు కావాలంటే, మా పాత కాలేజీ కిందున్న గోడౌనుకే వెళ్ళాను. పైన కాలేజీ, కింద జీడిపప్పు, రెండూ నడుస్తున్నాయి. గ్రేడింగ్ బల్ల దగ్గర ఆడవాళ్ళ వరసలో నూకరత్నం ఉంది. గింజలు కొట్టే పని కొన్నాళ్ళు చేసిందేమో, వేళ్ళ మీద జీడి సొన మచ్చలున్నాయి. నన్ను చూసి లేవబోయి, చేతుల్లో పని ఉందని మానేసింది.

"ఏటి సార్, మీరు సెప్పిన సెదలింకా పైనున్నాయా?"

"రంగు కొట్టారు కదా, కనపడవు," అన్నాను. "సావిత్రి ఎలా ఉంది?"

"పైనే సార్, తెలీదా? మీ సీట్లోనే సెప్తంది. జువాలజీ."

నాకు తెలియదు. పైన ఎవరో ఆడగొంతు గట్టిగా ఏదో చెబుతోంది, బాయిలర్ వల్ల మాటలు తెలియలేదు.

"మాట్లాడుకుంటుంటారా?"

"బస్సులో అగుపడతాది సార్. ఏటి మాటాడతాం. బాగున్నావా అంటే బాగున్నానంటాది. నేనేటన్నా అవునంటాది."

ఆమె వేళ్ళు ఆగలేదు. కుప్పలోంచి ఒక గుండు తీసి వెలుతురుకు పెట్టి చూసి, డబ్బాలో వెయ్యబోయింది. బొటనవేలు కాస్త బరువుగా పడినట్టుంది, అది చేతిలోనే రెండుగా విడిపోయింది.

"గుండంటే ఇంతే సార్. రెండు బద్దలు ఒకదాన్నొకటి ఒట్టుకునుంటాయి," అని రెండు సగాలనూ బద్దల డబ్బాలో పడేసింది. "మీకు గుండే కట్టీమంటారా?"

"బద్దే కట్టు. పాయసంలో వేసేదే కదా, ఏదైనా ఒకటే."

ఆమె కాగితం మడుస్తూ తలెత్తి నా వైపు చూసింది.

"అదెలాగవుద్ది సార్?" అంది.